పిల్లల సొమ్ము

వెనకటికి సంసారం మీద విరక్తి పుట్టిన మగవాడు కాశీకి పోయేవాడు. ఇప్పుడంత శ్రమ అక్కర్లేదు. అశోక్ నగర్లో పెళ్ళాం బిడ్డల్ని వదిలేసి, సిటీ బస్సెక్కి నాలుగు స్టాపుల అవతల ఓ వాటా అద్దెకు తీసుకుంటే చాలు, సన్యాసం పుచ్చుకున్నట్టే! కాకపోతే ఈ సన్యాసికి నెల నెలా జీతం వస్తుంది, దసరాకి బోనసూ వస్తుంది. జూన్ నెలలో నారాయణగూడ స్కూలువాళ్ళు అడిగే ఫీజు మాత్రం తల్లి చేతి గాజుల్లోంచి రావాలి.

అడిగితే ఆయనగారి జవాబు సిద్ధంగానే ఉంటుంది. "పిల్లాణ్ణి నాకు చూపించదు, నేనెందుకివ్వాలి?" అని. పిల్లాడేమన్నా క్రాస్‌రోడ్స్‌లో సినిమానా, బొమ్మ పడితేనే టిక్కెట్టు డబ్బులిస్తాననడానికి? బిడ్డని చూసే హక్కు వేరు, పోషించే బాధ్యత వేరు. చూడనివ్వకపోతే కోర్టుకెళ్ళి అడగచ్చు. ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది కోర్టే నిర్ణయిస్తుంది. అందాకా పిల్లాడి ఆకలి వాయిదా వేసుకోదు గదా!

చట్టం మరీ నిద్రపోతోందనడానికి వీల్లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితి ఉండేది. 2001లో సవరణతో అది పోయింది. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షనే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144గా కొత్త అవతారమెత్తింది. భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తి, ఆదాయం ప్రమాణం చేసి చెప్పాలనీ, మనోవర్తిని దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కకట్టాలనీ 2020 నవంబరులో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తల్లి ఉద్యోగం చేస్తోందని తండ్రి బాధ్యత తీరిపోదు. ఎగ్గొడితే జైలుంది. జైలుకెళ్ళొచ్చినా బాకీ బాకీయే. ఒక్క మెలిక గుర్తుంచుకోండి: బాకీ పడ్డ ఏడాదిలోగా వసూలుకి అర్జీ పెట్టుకోవాలి.

ఇక మన సంగతికొద్దాం. "వాడి ముష్టి డబ్బు మాకెందుకండీ?" అనే తల్లులు మనలో చాలామందే. వినడానికి బాగానే ఉంటుంది, చుట్టాలూ మెచ్చుకుంటారు. కానీ అమ్మా, అది ముష్టి కాదు. పోనీ, మీ సొమ్మూ కాదు. పిల్లలది. ఆత్మగౌరవం కోసం మీ నగ వదులుకోండి, మీ పట్టుచీర వదులుకోండి, కాదనేవాళ్ళెవరూ లేరు. పిల్ల ట్యూషన్ ఫీజు దానం చెయ్యడానికి మనమెవరం?

అలాగే, డబ్బు పంపలేదన్న కోపంతో తండ్రిని గుమ్మం తొక్కనివ్వకపోవడమూ న్యాయం కాదు. తాగొచ్చి కొట్టేవాడి సంగతి వేరు. మామూలు తండ్రయితే, బాకీ వాడిది, బెంగ పిల్లాడిది. వాడి బాకీకి పిల్లాణ్ణి తాకట్టు పెట్టకండి.

చివరికి ఇరుగుపొరుగులం మిగిలాం. త్యాగరాయ గానసభలో నాటకం చూస్తూ, తండ్రి వదిలేసిన పిల్ల ఏడిస్తే మనమూ కళ్ళొత్తుకుంటాం. ఇంటి పక్కన అదే కథ నడుస్తుంటే "వాళ్ళ సంసారం, మనకెందుకు" అంటాం. చీటీ డబ్బు ఎగ్గొట్టినవాణ్ణి చిక్కడపల్లి సందుల్లో తలెత్తుకు తిరగనివ్వం. కన్నబిడ్డల అన్నం ఎగ్గొట్టినవాణ్ణి మాత్రం పెళ్ళికి పిలిచి, మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, కొసరి కొసరి నెయ్యి వడ్డిస్తాం!