పేరులో మందు, పెట్టెలో పానకం

ఓఆర్‌ఎస్ అనే మూడు అక్షరాల కోసం హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరుగారు ఎనిమిదేళ్లు కొట్లాడారు. ఆవిడే డాక్టర్ శివరంజని సంతోష్. చక్కెర నీళ్ల డబ్బాల మీద మందు పేరు వేసి అమ్ముతున్నారని అధికారులకు ఉత్తరాలు రాశారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడొద్దంది. జులై వచ్చేసరికి మాట మార్చి, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అని ఒక వాక్యం వేస్తే పేరు ఉంచుకోవచ్చంది. పైన పెద్ద అక్షరాల్లో ఓఆర్‌ఎస్, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఓఆర్‌ఎస్ కాదు! బీఏ తెలుగులో నాకు అలంకారాలు బాగానే చెప్పారు కానీ, ఇది ఏ అలంకారమో మాత్రం మా మాస్టారు చెప్పలేదు. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ అనుమతి తీసేశారు.

ఇంతకీ ఆ మూడు అక్షరాలకి అంత విలువ ఎందుకు? 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించాడు. ఇప్పటి లెక్క ప్రకారం లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. అంతే. గ్లూకోజ్ అందులో రుచి కోసం లేదు. పేగు గోడలోంచి ఉప్పును, దాని వెంట నీళ్లను లోపలికి తీసుకుపోయేది అదే. ఆ పాళ్లు దాటి చక్కెర గుమ్మరిస్తే కథ తిరగబడుతుంది. చక్కెరే ఒంట్లోని నీళ్లను పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అంటే నీళ్లు పోతున్న పసివాడికి, నీళ్లు పోయేలా చేసేదాన్ని మందు పేరుతో పట్టిస్తున్నామన్నమాట.

మా సారపాకలో ఎండల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వస్తే గోదావరి ఇసుక నిప్పులు కక్కుతుంది. ఆ రోజుల్లో మందుల షాపుకు వెళ్లి పిల్లాడికి మోషన్స్ అవుతున్నాయి, ఓఆర్‌ఎస్ ఇవ్వండి అంటే, చేతికి వచ్చేది ఆపిల్ బొమ్మ, నారింజ బొమ్మ ఉన్న పెట్టె, పక్కన ఒక స్ట్రా. నేను ఒక షాపులో "పొడి ప్యాకెట్ లేదా?" అని అడిగితే, "అది పిల్లలు తాగరమ్మా, ఇది తాగుతారు" అన్నాడు కుర్రాడు. తాగుతారు మరి, పానకంలా ఉంటే ఎందుకు తాగరు? అడవి ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చిన కోయ తల్లి మాత్రం ఆ ప్రశ్న కూడా అడగలేదు. రెండు పెట్టెలు కొంగున కట్టుకుని పోతుంది.

"చదివి కొనుక్కోవాలి కదా" అంటారు కొందరు. ఏ భాషలో చదవాలి? మన చట్టం ప్రకారం ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు వేస్తే వేయొచ్చు, వేయకపోతే అడిగేవాడు లేడు. అదే టీవీలో ప్రకటన చూడండి, ఎంత చక్కటి తెలుగు! అమ్మ ప్రేమ, పిల్లల బలం, ఎత్తు, చురుకు, అన్నీ మన భాషలోనే. అమ్మేటప్పుడు తెలుగు, లోపల ఏముందో చెప్పేటప్పుడు ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో కూడా చాలాచోట్ల చక్కెర అని సూటిగా ఉండదు. మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్, లేకపోతే 951, 955 అని అంకెలు. 951 అంటే ఆస్పర్టేమ్, 955 అంటే సుక్రలోజ్ అని ఏ తల్లికి తెలుస్తుంది? మా ఊరి కాగితం మిల్లులో తయారయ్యే అట్ట పెట్టెలై దేశమంతా తిరుగుతుంది. ఆ పెట్టెల మీదే మా భాషకు చోటు లేదు.

పెద్దవాళ్ల సంగతీ ఇలాంటిదే. మన దగ్గర జబ్బు పేరే షుగర్. "ఆయనకు షుగర్ వచ్చింది" అంటాం. అలాంటప్పుడు బిస్కెట్ ప్యాకెట్ మీద "షుగర్ ఫ్రీ" అని ఉంటే, ఆ జబ్బుకు ఇది పథ్యమనే అర్థమవుతుంది మనకు. లోపల మైదా మైదాలాగే ఉంది, ఒంట్లోకి వెళ్లి గ్లూకోజే అవుతుంది. బరువు తగ్గడానికని ఈ కృత్రిమ తీపి వాడొద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏళ్ల తరబడి వాడితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరగవచ్చని కూడా హెచ్చరించింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఆ సూచన కాదని కూడా అందులోనే ఉంది. వాళ్లు తమ డాక్టర్నే అడగాలి. కానీ మా వీధిలో షుగర్ లేని ఆడవాళ్లే సన్నబడాలని టీలో ఆ బిళ్లలు వేసుకుంటున్నారు.

తీపి మీద నాకు పగ లేదు. బెల్లం అమృతం, చక్కెర విషం అని నేననను, రెండూ లెక్కలోకి వచ్చేవే. రోజుకు 25 గ్రాములు దాటొద్దని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఐదారు చెంచాలు, అంతే. అరిసె తింటే తీపి తింటున్నామని తెలిసే తింటాం. నవమి పానకం ప్రసాదమనే తాగుతాం. అరిసె ఎప్పుడూ నేను మందునని చెప్పుకోలేదు. పాలల్లో కలిపే పొడి డబ్బాలు మాత్రం ఏళ్లపాటు ఆరోగ్య పానీయాలని చెప్పుకున్నాయి. మన ఆహార చట్టంలో అలాంటి రకమే లేదని 2024 ఏప్రిల్‌లో కేంద్రం చెబితే గానీ ఆన్‌లైన్ దుకాణాలు ఆ వరస మార్చలేదు.

ఇప్పుడు పేర్లు మారాయి. పెట్టెలు మాత్రం పోలేదు. అవే పళ్ల బొమ్మలు, అదే అర, అదే కుర్రాడు. ఈ ఎండాకాలం మీరు షాపుకు వెళ్తే "లీటరు నీళ్లలో కలిపే పొడి" అని అడగండి, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. డబ్బుల్లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ఆశా కార్యకర్త దగ్గరో ఊరికే ఇస్తారు. చదవడం రాని ఆవిడ మీ పక్కన నిలబడి ఉంటే, ఆవిడ చేతిలో ఏ పెట్టె పెట్టారో కూడా ఒకసారి చూడండి.