కాళ్ల కింద గ్యాస్.. కానరాని పరిశోధన

అమలాపురం: 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో భూగర్భ గ్యాస్ పైపులైను పగిలి మంటలు చెలరేగాయి. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలను రెండు నెలలకు పైగా చూసిన కోనసీమకు అది మరో పీడకల. ఆ తరువాత పరిహారం ఇచ్చారు, విచారణ జరిపారు. అయితే నేలలోని గొట్టం ఎక్కడ, ఎందుకు బలహీనపడుతున్నదో చమురు సంస్థలతో నిమిత్తం లేకుండా అధ్యయనం చేయవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు దశాబ్దం దాటినా సమాధానం దొరకలేదు.

లోపలి నుంచే తినేస్తుంది

తాటిపాక నుంచి విజయవాడ సమీపంలోని కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు సాగే గెయిల్ సంస్థ గొట్టం అది. దాని వ్యాసం 18 అంగుళాలు. తేమ తొలగించిన గ్యాస్ పంపవలసిన గొట్టంలో నీరు, ద్రవ ఇంధనం కలిసిన తడి గ్యాస్ ప్రవహించినట్లు విచారణలో వెల్లడైంది. గ్యాస్‌లోని నీరు గొట్టం పల్లపు భాగాల్లో నిలుస్తుంది. అందులో బొగ్గుపులుసు వాయువు కరిగితే ఆమ్లంగా మారి ఉక్కును క్రమంగా కొరికేస్తుంది. గొట్టంపై పూత, తుప్పు నివారణకు ఇచ్చే విద్యుత్ రక్షణ బయటి వైపును మాత్రమే కాపాడతాయి. లోపలి తుప్పును పసిగట్టాలంటే 'పిగ్' అనే పరికరాన్ని గొట్టం గుండా పంపాలి. లేదా తుప్పు ఎక్కడ పట్టే అవకాశం ఉన్నదో శాస్త్రీయంగా లెక్కగట్టి, అక్కడ తవ్వి చూడాలి.

తడి గ్యాస్ వల్ల తుప్పు పడుతుందన్నది కొత్త విషయమేమీ కాదు. గ్యాస్ పైపులైన్ల పటిష్ఠత నిర్వహణపై దేశంలో 2012లోనే నిబంధనలు వచ్చాయి. రెండేళ్లు తిరగకుండానే నగరం తగలబడింది. తెలిసిన దానినే ఆచరించనప్పుడు కొత్త పరిశోధన దేనికని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న సహేతుకమే. దానికి సమాధానం అమెరికా అనుభవంలో కొంతవరకు కనిపిస్తుంది.

పన్నెండు ప్రాణాలు.. ఒక చట్టం

2000 ఆగస్టు 19న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం కార్ల్స్‌బాడ్ సమీపంలో 30 అంగుళాల గ్యాస్ గొట్టం పేలింది. పెకోస్ నది ఒడ్డున గుడారాలు వేసుకున్న ఒకే కుటుంబానికి చెందిన 12 మంది మరణించారు. లోపలి తుప్పు గొట్టం గోడను పలుచన చేయడమే కారణమని అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. ఆ భాగంలో పిగ్ ప్రయాణించే వీలు లేదు. పద్నాలుగేళ్ల తరువాత నగరంలో కనిపించిందీ ఆ తుప్పే.

ఆ దుర్ఘటన తరువాత 2002 డిసెంబరులో అమెరికా పైపులైన్ల భద్రతా చట్టాన్ని కట్టుదిట్టం చేసింది. జనావాసాల మధ్య సాగే గొట్టాలను ఏడేళ్లకోసారి తిరిగి పరీక్షించాలని ఆదేశించింది. ప్రభుత్వ శాఖలు కలిసి పరిశోధన సాగించాలని అదే చట్టంలో నిర్దేశించింది. 2010లో కాలిఫోర్నియాలోని శాన్‌బ్రూనోలో మరో గొట్టం పేలి 8 మంది మరణించారు. 2013లో పైపులైన్ల భద్రతా విభాగం విశ్వవిద్యాలయాల కోసమే పోటీ పద్ధతిలో గ్రాంట్ల పథకాన్ని ప్రారంభించింది. తుప్పును ముందుగా పసిగట్టే సెన్సార్లు, పగుళ్ల గుర్తింపు, మన్నికైన పూతలు వంటి అంశాలపై ఆచార్యులు, విద్యార్థులు కలిసి పనిచేస్తారు. ఈ రంగానికి తర్ఫీదు పొందిన యువ ఇంజినీర్లను అందించడం ఆ పథకం లక్ష్యాల్లో ఒకటి.

అక్కడి భద్రతా విభాగం ఖర్చులో అధికభాగం పైపులైన్లు నడిపే కంపెనీల నుంచి వసూలు చేసే రుసుముల ద్వారానే సమకూరుతుంది. గొట్టం వేసి లాభం గడించేవారే దాని భద్రతకూ మూల్యం చెల్లించాలన్నది ఇందులోని నీతి. అయితే పరిశోధన ఒక్కటే ప్రమాదాలను ఆపలేదు. 2018లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మెరిమాక్ లోయలో గ్యాస్ పీడనం హద్దు దాటి ఇళ్లు పేలాయి. పనుల ప్రణాళికలో జరిగిన పొరపాటే అందుకు మూలం. కాబట్టి పర్యవేక్షణకు పరిశోధన ప్రత్యామ్నాయం కాదు, దానికి ఊతం మాత్రమే. కంపెనీ చెప్పిన లెక్క సరైనదో కాదో తేల్చగల నిపుణులు బయట ఉన్నప్పుడే నిబంధనల అమలుకు విలువ ఉంటుంది.

ఎవరి పని వారిదే

మన దేశంలో సహజవాయు పైపులైన్ల పొడవు 25 వేల కిలోమీటర్ల స్థాయికి చేరింది. 2006 నాటి చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి అనుమతులిస్తుంది, సాంకేతిక ప్రమాణాలు నిర్ణయిస్తుంది. 1986 నుంచి పనిచేస్తున్న చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ తనిఖీలు చేస్తుంది. విశ్వవిద్యాలయాల పరిశోధనకు నిధులివ్వడాన్ని 2006 చట్టం నియంత్రణ మండలి విధుల్లో ప్రత్యేకించి చేర్చలేదు.

డబ్బుకు దారి లేదా అంటే ఉంది. 1974 నాటి చట్టం ప్రకారం దేశీయ ముడిచమురుపై సెస్సు వసూలవుతోంది. గోదావరి తీరాన బావుల నుంచి తీసిన చమురు కూడా ఆ సెస్సు కట్టింది. పరిశోధనకు చేయూతనివ్వడం ఆ చట్టం కింద ఏర్పడిన చమురు పరిశ్రమ అభివృద్ధి మండలి లక్ష్యాల్లో ఉంది. కానీ సెస్సు ముందుగా కేంద్ర ఖజానాకు చేరుతుంది. అక్కడి నుంచి మండలికి దక్కినది స్వల్పభాగమే. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ మరో మార్గం. అయితే అన్ని శాస్త్రాలతో పోటీపడి పైపులైన్ల భద్రత తన వాటా దక్కించుకోవడం అంత సులభం కాదు.

విద్యాసంస్థలకూ కొరత లేదు. విశాఖపట్నంలో 2016లో మొదలైన భారతీయ పెట్రోలియం, ఇంధన సంస్థకు 2017 చట్టంతో జాతీయ ప్రాధాన్యం లభించింది. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజినీరింగ్ బోధిస్తున్నారు. డెల్టాలో పైకి ఉండే భూగర్భ జలమట్టం, నల్లరేగడి, తీరప్రాంతపు ఉప్పునీరు, కాల్వలు, చేపల చెరువులు పూడ్చిన గొట్టంపై ఎలాంటి ప్రభావం చూపుతాయో తెలుసుకోవడానికి ఇంతకంటే అనువైన ప్రయోగశాల మరొకటి ఉండదు.

కావలసినవి మూడు

మొదటిది, పైపులైను సంస్థల నుంచి స్వల్ప రుసుము వసూలు చేసి, ఏటా విశ్వవిద్యాలయాలకు పోటీ పద్ధతిలో ఇచ్చే ప్రత్యేక నిధి. రెండవది, సమాచారం. గొట్టం గోడ మందం కొలతలు, లీకేజీల వివరాలు కంపెనీల బీరువాల్లోనే ఉండిపోతే పరిశోధకుడు చేయగలిగేది ఏమీ ఉండదు. వాటిని అందించడం నిధి నిబంధనల్లోనే తప్పనిసరి చేయాలి. మూడవది, ఫలితాలు బహిరంగం కావడం. గొట్టం పక్కన నివసించే రైతుకు, పంచాయతీకి అవి అర్థమయ్యే తెలుగులో అందాలి.

నగరంలో గొట్టం ఒక్క రాత్రిలో బలహీనపడలేదు. తుప్పు తన పని తాను నిశ్శబ్దంగా చేసుకుపోయింది. దానిని ముందుగా చూడగలిగిన కన్ను గ్రామస్థుల పక్షాన లేకపోయింది. ఆ కన్నును సిద్ధం చేయడానికయ్యే ఖర్చు, ప్రమాదం జరిగాక చెల్లించే పరిహారంతో పోలిస్తే ఏపాటిదో పాలకులు ఆలోచించాలి.