అల్లిక బలమెంత? పరీక్ష చెప్పేదెంత?

విమాన ఇంజిన్ ముందుభాగంలో తిరిగే ఫ్యాన్ రెక్క విరిగితే తూటాలా దూసుకొస్తుంది. దానిని ఆపవలసింది చుట్టూ ఉన్న కవచమే. 2018 ఏప్రిల్ 17న అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ విమానంలో ఇలాగే రెక్క విరిగింది. అది కవచాన్ని ఢీకొన్న తాకిడికి ఇంజిన్ పైతొడుగు బద్దలైంది. శకలం తగిలి కిటికీ పగలడంతో ఓ ప్రయాణికురాలు మరణించారు. అది లోహ కవచం. బోయింగ్ 787 విమానాలకు వాడే జీఈఎన్‌ఎక్స్ ఇంజిన్‌లో ఈ బాధ్యతను కార్బన్ పోగుల అల్లికకు అప్పగించారు. బరువు తగ్గి ఇంధనం ఆదా కావడమే ఇందుకు కారణం. అయితే ఆ అల్లిక బలాన్ని సరిగా కొలవడం అనుకున్నంత తేలిక కాదు.

జడ వంటి నిర్మాణం

ఈ అల్లికలో పోగుల కట్టలు మూడు దిశల్లో సాగుతాయి. ఒక వరుస తిన్నగా పోతుంది. మిగిలిన రెండూ దానికి చెరోవైపు 60 డిగ్రీల ఏటవాలుగా, జడపాయల మాదిరిగా ఒకదానిపై ఒకటి అల్లుకుంటాయి. వీటికి రెజిన్ పట్టించి గట్టిపరుస్తారు.

అంచుల వద్దే చిక్కు

పదార్థం నుంచి సన్నని పట్టీ కోసి, రెండు కొసలూ బిగించి, తెగేదాకా లాగడం ప్రయోగశాలల్లో వాడుక. తిన్నని పోగులకు అడ్డంగా లాగినప్పుడు భారాన్ని ఏటవాలు పోగులే మోయాలి. సన్నని పట్టీలో అవి అంచుల వద్దే తెగిపోయి ఉంటాయి. ఒక బిగింపు నుంచి రెండో బిగింపు దాకా ఒక్కటీ చేరదు. కత్తిరించిన గుడ్డ అంచున దారాలు ఊడినట్లు నష్టం అక్కడే మొదలవుతుంది. ఫలితంగా అసలు బలం కంటే తక్కువ అంకె నమోదవుతుంది. నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం, ఆక్రన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందుకు మార్గాలు వెతికారు. కోసిన అంచులే లేని గొట్టాలను పరీక్షించారు. ఉపరితలంపై రంగు చుక్కలు చల్లి, వాటి కదలికను కెమెరాలతో కొలిచారు.

అంకె తప్పితే అంచనా తప్పుతుంది

కంప్యూటర్ మోడల్‌కు ఈ అంకెలే ఆధారం. అల్లికలో పదేపదే వచ్చే గడిని నాలుగు భాగాలుగా విడదీసి, ఒక్కొక్క దానిలోని పోగుల అమరికను లెక్కించే విధానాన్ని పరిశోధకులు రూపొందించారు. ఆ లెక్కను గ్యాస్ గన్‌తో పలకలపై చేసిన తాకిడి పరీక్షలతో సరిచూశారు. బలాన్ని తక్కువగా లెక్కిస్తే కవచానికి అనవసరపు బరువు చేరుతుంది. పగులు ఎక్కడ మొదలై ఎటు పాకుతుందన్న అంచనా కూడా దారి తప్పుతుంది.

నడుస్తున్న ఇంజిన్‌లో కావాలనే రెక్క విరిచి చూడాలని అమెరికా నిబంధనలు చెబుతున్నాయి. నిప్పు అంటుకోకూడదు. బిగింపులు ఊడకూడదు. దానంతటదే ఆగిపోతే తప్ప ఇంజిన్ కనీసం 15 సెకన్లు నడవాలి. ఇంజిన్‌నే బలిచ్చే ఇలాంటి పరీక్షను రెక్క తగిలే ప్రతి చోటుకూ చేయలేరు. తగిలే చోటు ఎంత ముఖ్యమో 2018 ప్రమాదం చూపింది. మిగిలిన సందర్భాలకు మోడలే దిక్కు. క్షిపణులకు కాంపోజిట్ భాగాలు రూపొందే హైదరాబాద్‌కూ ఈ పాఠం పరాయిది కాదు. ముక్కను పరీక్షించి మొత్తాన్ని నమ్మేముందు, ఆ ముక్క మొత్తంలాగే ప్రవర్తిస్తుందా అన్నది తేల్చుకోవాలి.