లైసెన్సు చేతికొచ్చింది.. మరి నిద్ర సంగతి?

చలికాలం వచ్చిందంటే అరకు దారిలో బండ్లు బారులు తీరతాయి. మీలో చాలామంది పిల్లాపాపలతో ఆ దారిన వెళ్లే ఉంటారు. రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే బొర్రా గుహలు, మధ్యాహ్నానికి అరకు, మళ్లీ రాత్రికల్లా విశాఖ. అంతా బాగానే ఉంటుంది. కానీ స్టీరింగు పట్టుకున్న మనిషి కిందటి రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో ఎప్పుడైనా అడిగారా?

నేనూ అడగలేదు. అడగాలని ఒక కుర్రాడు గుర్తుచేశాడు.

అరకు వైపు కొండ ఊరి అబ్బాయి. సర్వీసు జీపు నడిపేవాడు. హెవీ లైసెన్సుకు మెడికల్ సర్టిఫికెట్ రాసిచ్చింది నేనే. శిక్షణ పూర్తయ్యాక మళ్లీ ఓపీకి వచ్చాడు. ‘రేపే రాయ్‌పూర్‌కి మొదటి ట్రిప్పు సార్, జలుబుకి మాత్రలివ్వండి’ అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ‘రాత్రి ఎంతసేపు పడుకున్నావు బాబూ?’ అంటే, మూడు గంటలన్నాడు. ‘ఘాటు దిగడం బాగా నేర్పారు సార్. నిద్ర గురించి మాత్రం ఎవరూ అడగలేదు. సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు మీరూ అడగలేదు కదా!’ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫారంలో లేని ప్రశ్న

రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. అంతకుముందే కారులాంటి తేలికపాటి వాహనం లైసెన్సు ఏడాదిపాటు ఉండాలి. డాక్టరు ఫారం 1ఏ మీద సంతకం చేయాలి. 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు కనిపిస్తుందా, రంగులు గుర్తించడంలో తీవ్రమైన లోపం ఉందా, రేచీకటి ఉందా, హారన్ వినిపిస్తుందా, కాళ్లూచేతులూ సరిగా ఉన్నాయా అని అందులో చూస్తాం. ఇవన్నీ అవసరమే. కానీ నిద్ర ఎంత, గురక ఉందా అన్న ప్రశ్న అందులో లేదు.

శిక్షణ విషయంలో కొంత మార్పు వచ్చింది. గుర్తింపు పొందిన కేంద్రాల్లో హెవీ వాహనాలకు 6 వారాల్లో 38 గంటల శిక్షణ ఉండాలని 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మన కొండ దారులకు అది చాలా ముఖ్యం. సముద్రమట్టం దగ్గరి విశాఖ నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కి, మళ్లీ దిగాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే కాలుంచితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. 2021 ఫిబ్రవరి 12న హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

అయితే ఘాటులో ప్రతి మలుపూ డ్రైవర్ని మేల్కొలిపి ఉంచుతుంది. కొత్త డ్రైవరుకు అసలు పరీక్ష కొండ దిగాక, తిన్నటి నాలుగు వరుసల రోడ్డు మీద మొదలవుతుంది. చూసేందుకు కొత్తగా ఏమీ ఉండదు, ఇంజిను ఒకటే మోత. అలాంటప్పుడు కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు నిద్రలోకి జారుకుంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే 65 మీటర్లకు పైనే. అంత దూరం బండిని నడిపేవారే లేరన్నమాట!

పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని పరిశోధనలు చెబుతున్నాయి. మన చట్టం అనుమతించే పరిమితి 30 మిల్లీగ్రాములే. తాగినవాడిని యంత్రం పట్టిస్తుంది. నిద్రలేనివాడిని పట్టించే యంత్రం చెక్‌పోస్టులో ఉండదు.

చట్టం ఉంది, అమలే లేదు

డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని, వరుసగా 5 గంటలకు మించకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 1961 నాటి చట్టమే చెప్పింది. దీన్ని అమలు చేసే మార్గం చూడమని 2025లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. రెండో డ్రైవరుంటే ఖర్చు. ట్రిప్పుకింత అని కూలి ఇస్తే, ఆగిన ప్రతి గంటా నష్టమే. చిక్కంతా ఇక్కడే ఉంది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. వేడికి వచ్చే అలసట తగ్గుతుంది, మంచిదే. కానీ చల్లగాలి నిద్రకు బదులు కాదు. ‘ఏసీ ఉందిగా, ఇంకో నాలుగు గంటలు లాగించు’ అంటే మొదటికే మోసం.

మన్యం యువకులకు మరో మాట. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఈ జబ్బు ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గినా, బాగా అలసిపోయినా తీవ్రమైన నొప్పులు రావచ్చు. బండి ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగని డ్రైవర్లు చాలామంది. అందుకే ఈ వృత్తిలోకి వెళ్లేముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేకుండా లక్షణ వాహకులైనవారు సాధారణంగా భయపడక్కర్లేదు.

ఇవి గుర్తుంచుకోండి

• డ్రైవరుకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలి. తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మగత ఎక్కువ.

• రెప్పలు బరువెక్కినా, గత రెండు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోయినా సురక్షితమైన చోట బండి ఆపాలి. కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలు కునుకు తీయాలి. మొహం కడుక్కుంటే, పాటలు పెట్టుకుంటే నిద్ర పోదు.

• కొన్ని జలుబు, దగ్గు మందులతో మత్తు వస్తుంది. డ్రైవరునని డాక్టరుకు ముందే చెప్పాలి.

• పెద్ద గురక, పగలు తూలడం ఉంటే పరీక్ష చేయించాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరు సలహా లేకుండా లాంగ్ ట్రిప్పులకు వెళ్లకూడదు.

• మీరు బండి మాట్లాడుకుంటే డ్రైవరు పడుకోవడానికి గది, రాత్రి ప్రయాణానికి రెండో డ్రైవరు ఉన్నారో లేదో అడగండి. అయ్యే ఖర్చు మీ టూరు ఖర్చులో భాగమే అనుకోండి.

ఆ అబ్బాయికి మత్తు రాని మందు రాసి, ట్రిప్పు ఒక రాత్రి వాయిదా వేయించుకోమని చెప్పి పంపాను. విన్నాడో లేదో తెలియదు. అప్పట్నుంచి సర్టిఫికెట్ కోసం ఎవరొచ్చినా, ఫారంలో లేని ఆ ప్రశ్న నేనే ముందు అడుగుతున్నాను. ఈసారి అరకు వెళ్లేటప్పుడు మీరూ అడగండి.