ఓడలు కట్టేవాళ్లకు తలుపు తెరవండి

ఫ్రీస్పేస్ 2 అనే అంతరిక్ష యుద్ధాల వీడియో గేమ్ 1999లో వచ్చింది. ఆడినవాళ్లు మెచ్చుకున్నారు గానీ అమ్మకాలు అంతంతమాత్రం. అలాంటి ఆట రెండు మూడేళ్లలో మరుగున పడాలి. పడలేదు. దాన్ని తయారుచేసిన వోలిషన్ సంస్థ 2002లో సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అభిమానులు దాన్ని అందిపుచ్చుకుని, ఈనాటికీ కొత్త ఓడలు కడుతూనే ఉన్నారు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కూడా అదే ఏడాది జనం చేతికొచ్చింది. ఏడు వారాల్లో లక్ష యూరోలు చందాలు పోగై, ఆ సాఫ్ట్‌వేర్ అందరిదీ అయింది. పనిముట్టు, పని చేసే చోటు రెండూ ఒకే ఏడాది దొరికాయన్నమాట.

తీరిక వేళల్లో నేనూ ఈ ఓడలు కడతాను. బొమ్మ గీస్తే సగం పనే అయినట్టు. ఆటలో ఓడ ఒకే ముద్దగా ఉంటే కుదరదు. ఫిరంగి దిమ్మె ఒక ముక్క, దాని మీద పైకీ కిందికీ కదిలే గొట్టం ఇంకో ముక్క. దూరం నుంచి కనబడేటప్పటి కోసం అదే ఓడను తక్కువ పాలిగాన్లతో, అంటే తక్కువ పలకలతో, మళ్లీ చేయాలి. పేలినప్పుడు చెల్లాచెదరయ్యే శకలాలను కూడా ముందే చేసిపెట్టుకోవాలి. పలక ఒక్కటి లోపలివైపు తిరిగి ఉన్నా, ఆటలో అది మాయమై అక్కడ కన్నం పడుతుంది. నా మొదటి ఓడ పొట్టలోంచి నక్షత్రాలు కనబడ్డాయి. ఆ పలకను వెతికి పట్టుకునేసరికి తెల్లారింది.

అన్నిటికన్నా కష్టం, పెద్ద ఓడను పెద్దదిగా అనిపించేలా చేయడం. రెండు కిలోమీటర్ల యుద్ధనౌకకు పెద్ద పెద్ద కిటికీలు పెట్టామా, అది పిల్లల ఆటవస్తువైపోతుంది. ఆవగింజంత వెలుగు చుక్కలు వరుసగా పెడితే కొండలా నిలబడుతుంది. ఇది కళే. దీన్ని పనీపాటా లేని వ్యవహారమనేవాళ్లతో నేను ఏకీభవించను.

అందుకే గేమ్ కంపెనీలకు నా విన్నపం. అమ్మడం మానేసిన ఆటను అటక మీద పడేయకండి. కథ, బొమ్మల హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి, కోడ్ మాత్రం ఇవ్వండి. వోలిషన్ ఇచ్చిందీ కోడ్ ఒక్కటే. బ్యాటిల్‌స్టార్ గలాక్టికా సీరియల్ ఆధారంగా డయాస్పోరా అనే ఆటను అభిమానులు 2012లో ఉచితంగా తెచ్చింది ఆ కోడ్ మీదే. వోలిషన్ 2023లో మూతపడింది. ఫ్రీస్పేస్‌కు ఓడలు కట్టేవాళ్లు ఇంకా కడుతున్నారు.