మూడో వస్తువు లెక్క



2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినప్పుడు మనమందరం చప్పట్లు కొట్టాం. రాకెట్టును చూసి కొట్టాం. అసలు వింత తరువాత జరిగింది. 2024 జనవరి 6న ఆ నౌక, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుని వైపున్న ఒక ఖాళీ బిందువు చుట్టూ తిరిగే కక్ష్యలో చేరింది. నడుమ గ్రహం లేదు, రాయి లేదు. గానుగ లేకుండానే గానుగెద్దు తిరిగినట్టు! ఒక చుట్టుకు సుమారు 178 రోజులు.

దీని మూలం 'పరిమిత త్రివస్తు సమస్య'లో ఉన్నది. సూర్యుడు, భూమి రెండూ పెద్దవి. మూడోది వాటిని కదిలించలేనంత చిన్నది. అవి మాత్రం దాన్ని చెరోవైపు లాగుతుంటాయి. (సన్నకారు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.) ఇంత సులువు చేసుకున్నా, ఆ చిన్నదాని దారినంతా చెప్పే సూత్రం లేదు. అయితే కొన్ని దారులు బయలుదేరిన చోటికే మళ్ళీ మళ్ళీ వస్తాయి. అవే ఆవర్తన కక్ష్యలు. పందొమ్మిదో శతాబ్దం చివర పాయింకరే వీటి విలువను గుర్తించాడు.

సీడు పత్తిలో క్రాసింగు చేస్తూ మా నాయిన అడిగిండు: "గీ లెక్కతోని ఏమొస్తదిరా?" న్యాయమైన ప్రశ్నే. 1760లలో ఆయిలర్ ఈ వరుస బిందువులను కనుగొన్నప్పుడు ఏమీ రాలేదు. రెండు వందల ఏళ్ళు దాటాక, 1978లో ఐ.ఎస్.ఇ.ఇ.-3 నౌక అక్కడికి పోయినప్పుడు వచ్చింది. నౌకను సరిగ్గా బిందువు మీదే నిలిపితే దాని వెనుకనే సూర్యుడు. రేడియో రొదలో దాని మాట మనకు వినబడదు. అందుకే చుట్టూ తిప్పాలి.

ఇది పరాయి విద్య అనుకోవద్దు. 1976లోనే ఉస్మానియాలో ఆర్.కె. శర్మ గారు, పి.వి. సుబ్బారావు గారు, పెద్ద వస్తువు గుండ్రంగా కాక నడుము ఉబ్బి ఉంటే ఈ బిందువుల సంగతి ఏమవుతుందో లెక్కగట్టి అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు.

మరి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు డిగ్రీ పిల్లల మాటేమిటి? మా తరగతిలో పాఠం కెప్లర్‌తో ఆగిపోయింది. రెండు వస్తువులు, పది మార్కులు, అయిపాయె. ఊరి పిల్లలకు ఇంతకన్నా ఎందుకనే ధోరణిని నేను ఒప్పుకోను. దూరదర్శిని కొనమని ఎవరినీ అడగడం లేదు. ల్యాబులో దుమ్ము పట్టిన కంప్యూటరు, రెండు ప్రాక్టికల్ పీరియడ్లు చాలు. తొలి స్థానం, తొలి వేగం ఇచ్చి, అడుగడుగుగా లెక్క నడిపితే కక్ష్య తెర మీద గీసుకుంటుంది. వేగంలో ఒక దశాంశం మార్చండి, దారి విప్పుకొని ఎటో పోతుంది. ఆదిత్యకూ అదే బాధ: మొదటి చుట్టులోనే 2024 ఫిబ్రవరి 22న, జూన్ 7న, జూలై 2న దారి సరిదిద్దవలసి వచ్చింది. ఆ మూడు సవరణలు ఎందుకో మన బి.ఎస్సీ. పిల్లలు లెక్క చేసి రికార్డులో రాయాలి; పరీక్షకొచ్చిన ఎక్స్‌టర్నల్ గారు దాని మీదే ప్రశ్న వేయాలి.