‘నీ వల్ల కాదు, ఇంటికెళ్లు’ అని నోటితో చెబితే సరిపోదు

“మెడికల్‌గా అన్‌ఫిట్.” ఈ ఒక్క మాటతో ఎన్ని ఇళ్లు తలకిందులయ్యాయో లెక్క లేదు. నిన్నటిదాకా డ్యూటీకి వెళ్లిన మనిషి ఈరోజు ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. చూపు తగ్గిందనో, కాలు తీసేశారనో, పక్షవాతం వచ్చి చెయ్యి సరిగా ఆడటం లేదనో, నెలకు రెండు రోజులు ఆస్పత్రికి పోవాల్సి వస్తోందనో ఉద్యోగం పోతుంది. ఇంట్లో అందరూ “నసీబ్ అంతే” అనుకుని ఊరుకుంటారు. అది నిజంగా నసీబేనా? లేక యాజమాన్యం చేయాల్సిన పని చేయకుండా తప్పించుకుందా? ఈ తేడా తెలియకపోవడం వల్లే మన కుటుంబాలు చాలా నష్టపోతున్నాయి.

ఆర్టీసీ డ్రైవర్ కేసు ఏం చెప్పింది?

2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీకి సంబంధించిన కేసులో ఒక తీర్పు ఇచ్చింది. 2014లో డ్రైవర్‌గా చేరిన ఒకాయనకు ఆ తర్వాత వైద్య పరీక్షల్లో వర్ణాంధత్వం, అంటే కలర్ బ్లైండ్‌నెస్ ఉన్నట్టు తేలింది. రంగులు సరిగా గుర్తుపట్టలేని మనిషికి బస్సు ఇవ్వలేమని సంస్థ అంది. అందులో తప్పేమీ లేదు, ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన విషయం కదా. కానీ ఆయన “డ్రైవింగ్ కాకపోతే ఇంకో పని ఇవ్వండి” అని అడిగితే సంస్థ ఒప్పుకోలేదు. అనారోగ్యం పేరుతో రిటైర్ చేసి పంపేసింది.

అసలు వివాదం ఇదే. డ్రైవర్‌గా పనికిరాడు సరే, సంస్థలో ఏ పనికీ పనికిరాడా? డిపోలో, గ్యారేజీలో, ఆఫీసులో రంగులతో సంబంధం లేని పని ఒక్కటీ లేదా? అలాంటి పోస్టు కోసం సంస్థ గట్టిగా వెతకలేదని కోర్టు తేల్చింది. కార్మికులతో 1979లో చేసుకున్న ఒప్పందంలోనే కలర్ బ్లైండ్‌నెస్ వచ్చిన డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇవ్వాలని ఉంది. సంస్థ పక్కన పెట్టేసిన ఆ పాత కాగితమే చివరికి ఆయన్ను కాపాడింది. అదే పే గ్రేడుతో తగిన పోస్టు ఎనిమిది వారాల్లో ఇవ్వాలని, ఆగిపోయిన జీతంలో 25 శాతం చెల్లించాలని, సర్వీసు తెగిపోకుండా కొనసాగినట్టే లెక్కించాలని కోర్టు ఆదేశించింది.

గమనించండి, కోర్టు ఆయన్ను మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టమనలేదు. “కాదు” అనే ముందు యాజమాన్యం ఏం ప్రయత్నం చేసిందని అడిగింది. వైద్య కారణాలతో వచ్చే దాదాపు ప్రతి ఉద్యోగ వివాదంలోనూ అడగాల్సిన ప్రశ్న ఇదే.

చట్టంలో ఉన్నది దయ కాదు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లు చేతులు మాత్రమే కాదు. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, మానసిక అనారోగ్యం, యాసిడ్ దాడి బాధితులు కూడా ఈ జాబితాలో ఉన్నారు. షుగర్ జబ్బు పేరు జాబితాలో లేదు. కానీ షుగర్ వల్ల కాలు పోయినా, చూపు బాగా తగ్గినా ఆ నష్టం జాబితా కిందకే వస్తుంది.

ఈ చట్టంలో కీలకమైన మాట ‘రీజనబుల్ అకామడేషన్’. మన భాషలో సహేతుకమైన సర్దుబాటు అనుకోవచ్చు. మిగతా వాళ్లతో సమానంగా పని చేయడానికి ఆ మనిషికి అవసరమైన మార్పు చేసిపెట్టడం, అయితే అది సంస్థకు మోయలేని భారం కాకూడదు. ఎక్కువసేపు నిలబడలేని సేల్స్‌మన్‌కు స్టూల్ వేయడం ఒక సర్దుబాటు. వీల్‌చైర్‌లో వచ్చే టీచర్ క్లాసును కింది అంతస్తుకు మార్చడం, చూపు తక్కువున్న క్లర్కుకు కంప్యూటర్‌లో స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ పెట్టించడం కూడా అంతే.

తలసీమియా సంగతి తీసుకోండి. హైదరాబాద్‌లో ఒకప్పుడు పసిపిల్లలుగా రక్తం ఎక్కించుకున్న వాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లై ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజు డ్యూటీకి రాలేరు, మిగతా రోజుల్లో అందరిలాగే పని చేస్తారు. కానీ హెచ్‌ఆర్ లెక్కల్లో “లీవులు ఎక్కువ” అని పడుతుంది, అప్రైజల్‌లో మార్కులు తగ్గుతాయి, ఒకరోజు “మీరే రిజైన్ చేయండి, మీకూ గౌరవంగా ఉంటుంది” అంటారు. ఆ ఒక్క రోజును వీక్లీ ఆఫ్‌తో మార్చుకోనిస్తే సమస్యే లేదు. కంపెనీకి పైసా ఖర్చు కూడా లేదు.

ఇలాంటి సర్దుబాటుకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలా? రిజర్వేషన్‌కు ఆ పరిమితి ఉంది. సర్దుబాటును మాత్రం ఆ గీతతో కొలవకూడదని 2021 ఫిబ్రవరిలో యూపీఎస్‌సీ పరీక్షకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే అభ్యర్థికి సహాయకుణ్ణి ఇవ్వాల్సిందే అంది. 2023 అక్టోబరులో తమిళనాడు విద్యుత్ సంస్థ కేసులోనూ అదే దారిలో వెళ్లింది. కలర్ బ్లైండ్‌నెస్ చట్టంలోని జాబితాలో లేకపోయినా, ఆ ఇంజనీర్‌కు తగిన చోట పని ఇవ్వాలని చెప్పింది.

సర్కారీ గేటు లోపల, బయట

ప్రభుత్వ ఉద్యోగికి రక్షణ గట్టిగానే ఉంది. చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. ఉన్న పోస్టు చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికే వరకు లేదా రిటైర్మెంట్ వరకు అదనపు పోస్టులో ఉంచవచ్చు. ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారణ జరగాలి.

మరి మన ఇళ్లలో ఎంతమంది సర్కారీ నౌకరీలో ఉన్నారు? ఎక్కువ మంది షోరూముల్లో, ప్రైవేటు స్కూళ్లలో, కాల్ సెంటర్లలో, వర్క్‌షాపుల్లో, డ్రైవింగ్‌లోనే కదా. 20వ సెక్షన్ వాళ్లను కాపాడదు. చట్టంలోని పెద్ద లోటు ఇది, దీన్ని దాచి చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఔట్‌సోర్సింగ్ వాళ్ల పరిస్థితి మరీ ఇబ్బంది. ఆఫీసు వాళ్లు కాంట్రాక్టర్‌ను అడగమంటారు, కాంట్రాక్టర్ ఆఫీసు వాళ్లను అడగమంటాడు.

అలాగని ప్రైవేటు ఉద్యోగి చేతులు పూర్తిగా ఖాళీగా లేవు. వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదన్న మూడో సెక్షన్ అందరికీ వర్తిస్తుంది. ప్రతి సంస్థ సమాన అవకాశాల పాలసీ తయారు చేసి కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. 2017 నాటి రూల్స్‌లో రెండు విషయాలు మరీ ముఖ్యం. ఒకటి, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థకు వివక్ష గురించి ఫిర్యాదు ఇస్తే, సంస్థ పెద్ద దాన్ని సరిదిద్దాలి, లేదా తాము చేసింది ఎందుకు న్యాయమో రాతపూర్వకంగా జవాబివ్వాలి. రెండోది, సర్దుబాటుకు అయ్యే ఖర్చు కొంచెమైనా సరే ఉద్యోగి మీద వేయకూడదు.

అంటే “కుదరదు పో” అని నోటితో అనేసి పంపడానికి చట్టం ఒప్పుకోదు. ఆ జవాబు కాగితం మీద ఉండాలి. కాగితం మీద రాయాలంటే కారణం వెతకాలి. కారణం దొరక్కపోతే చాలాసార్లు సర్దుబాటే దొరుకుతుంది.

యాజమాన్యాల మాట కూడా వినాలి

ప్రతి యజమానీ దుర్మార్గుడు కాదు. ఐదుగురు పనిచేసే టైలరింగ్ షాపులో ఒకరు మెషిన్ తొక్కలేకపోతే, ఇవ్వడానికి ఇంకో పని ఉండకపోవచ్చు. క్రేన్ నడిపే వ్యక్తికి ఫిట్స్ వస్తే పక్కవాళ్ల ప్రాణాల గురించి ఆలోచించాల్సిందే. చట్టం కూడా మోయలేని భారం వేయొద్దనే అంటుంది. కాకపోతే భారం నిజంగా ఉందా, ఉన్నట్టు ఊహించుకున్నారా అనేది చూడాలి. పని చూడకుండా జబ్బు పేరు విని భయపడే చోటే అన్యాయం మొదలవుతుంది. మన వాళ్లలో కూడా దుకాణాలు, స్కూళ్లు, వర్క్‌షాపులు నడిపే వాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ప్రశ్న వాళ్లు తమను తాము వేసుకోవాల్సిందే.

మన వైపు నుంచి జరిగే పొరపాట్లు

మొదటిది దాచిపెట్టడం. “బయటకు తెలిస్తే అమ్మాయికి రిష్తాలు రావు” అని ఫిట్స్ జబ్బును, తలసీమియాను, డిప్రెషన్‌ను ఇంట్లోనే దాచేస్తారు. సదరం క్యాంపుకు వెళ్లరు, యూడీఐడీ కార్డు తీసుకోరు. రేపు ఉద్యోగంలో గొడవ వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉండదు. యాజమాన్యం “మాకు ఎప్పుడూ చెప్పలేదు” అంటే జవాబు ఉండదు.

రెండోది, ఒత్తిడికి లొంగి రాజీనామా మీద సంతకం పెట్టడం. ఆ కాగితం మీద సంతకం పడ్డాక, “నన్ను తీసేశారు” అని నిరూపించడం చాలా కష్టం. తీసేస్తే వాళ్లనే తీసేయనివ్వండి, కారణం రాసి ఇమ్మనండి.

మూడోది, అంతా మౌఖికంగా నడపడం. మేనేజర్ భాయ్ మంచివాడే, నోటి మాటతో సర్దుకుపోతాడు. ఆయన బదిలీ అయిన రోజు ఆ సర్దుబాటు కూడా పోతుంది.

ఏం చేయాలి?

డాక్టర్ దగ్గర జబ్బు పేరు ఒక్కటే రాయించుకోవద్దు. ఏ పని చేయలేరు, ఏ పని చేయగలరు, ఎంతకాలం ఇలా ఉంటుంది అన్నది రాయించుకోండి. “గంటకు మించి నిలబడకూడదు, కూర్చుని పూర్తి సమయం పని చేయగలరు” అన్న ఒక్క వాక్యం నాలుగు స్కానింగ్ రిపోర్టుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత సంస్థకు చిన్న దరఖాస్తు పెట్టండి. ఏం కావాలో నిర్దిష్టంగా అడగండి: షిఫ్టు మార్పా, సీటు మార్పా, నెలకు ఒక రోజు సెలవు మార్పిడా. ఈమెయిల్ చేయండి, లేదా తేదీ వేసి రెండో కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. యూనియన్ ఉంటే పాత ఒప్పందాలు అడిగి చూడండి. ఆర్టీసీ డ్రైవర్‌కు 1979 కాగితం ఎలా పనికొచ్చిందో చూశాం కదా.

జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మామూలుగా 60 రోజుల్లో పరిష్కరించాలని రూల్స్ చెబుతున్నాయి. కమిషనర్ ఇచ్చేది సిఫారసు, కోర్టు ఆర్డర్ కాదు. అయినా దాన్ని ఒప్పుకోని సంస్థ కారణం చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. పెద్ద కంపెనీకి 10 వేలు ఒక పూట చాయ్ ఖర్చు. కాబట్టి జరిమానా కంటే, రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సి రావడమే వాళ్లను ఎక్కువ కదిలిస్తుంది.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అర్హత ఉంటే జబ్బు చేసినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. కొన్ని దీర్ఘకాలిక జబ్బులకు ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. ఆ డబ్బు ఇల్లు గడవడానికే. తిరిగి డ్యూటీలో చేరేటప్పుడు కావాల్సిన మార్పుల కోసం దరఖాస్తు విడిగా పెట్టాల్సిందే.

ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే పిల్లల చదువు ఆగుతుంది, అద్దె బాకీ పడుతుంది, అప్పు పెరుగుతుంది. చాలాసార్లు దీన్ని ఆపడానికి కావాల్సింది ఒక స్టూల్, ఒక షిఫ్టు మార్పు, నెలకో సెలవు మార్పిడి, అంతే. అది అడగడం భిక్ష అడగడం కాదు. మీ అబ్బాకో, భాయ్‌కో, బేటీకో రేపు ఎవరైనా “నీ వల్ల కాదు” అంటే గొడవ పడొద్దు, ఏడవొద్దు. “ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వండి” అని అడగండి.